ఇంటి కొలువుకు సిద్ధపడదాం, కానీ కళ్లు తెరిచి!

నూజివీడు రసాలంటే దేశమంతా లొట్టలేస్తుంది. ఆ రసాలు కాసే రెడ్డిగూడెం మండలంలో డిగ్రీ చదివిన ఆడపిల్లకు కొలువేదీ అని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు మెదపరు. తోటల ఊళ్లలో పని అంటే రెండు మూడు నెలల ముచ్చట. కాయ కోత, ఏరివేత, పెట్టెలకెత్తడం, నున్న మార్కెట్టుకు లారీ తోలడం. జూన్ దాటితే తోట నిద్రపోతుంది, దానితోపాటు పనీ నిద్రపోతుంది. మగపిల్లలు విజయవాడకో హైదరాబాదుకో బస్సెక్కుతారు. మరి ఆడపిల్లలు? మైలవరంలోనో నూజివీడులోనో బీకామో బీఎస్సీయో పూర్తి చేసి, సంబంధం కుదిరేదాకా ఇంటి పట్టున ఉంటారు. పెళ్లయి బిడ్డనెత్తుకున్న కోడళ్ల సంగతీ అంతే. సర్టిఫికెట్లు బీరువాలో, తెలివితేటలు వంటింట్లో!

ఇలాంటి చోటికి ‘ఇంట్లో కూర్చుని సంపాదించండి’ అన్న మాట వస్తే ఎవరికి ఆశ పుట్టదు? అలా వచ్చే మాటల్లో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ ఒకటి. పాతికేళ్ల కిందట హైదరాబాదు శిక్షణ కేంద్రాల బోర్డుల మీద వెలిగిన పేరు అది. ఇప్పుడు ఫోన్లలోకి, పల్లెల్లోకి వచ్చింది. కంప్యూటర్ ఉంటే చాలు, ఇంగ్లిషు వస్తే చాలు, ఇంటి నుంచి డాలర్లు అంటున్నారు. నమ్మాలా? వద్దా?

మా మాట సూటిగా చెబుతున్నాం. ఈ రంగానికి సిద్ధపడటం తప్పు కాదు. సిద్ధపడటమంటే ఎవరికో పైకం కట్టడమని అనుకోవడం తప్పు. టైపింగు నేర్చుకుంటే సరిపోతుందని అనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. వేళ్లకు నేర్పే చదువు రోజులు పోయాయి. చెవికీ బుర్రకూ నేర్పే చదువు కావాలి. ఆ చదువు పల్లెకు అందించే బాధ్యత ఏలినవారిది. ఈ సంగతులు దాచి కొందరు ఆశలు అమ్ముకుంటున్నారు. కాబట్టి రాయక తప్పడం లేదు.

అసలు ఏమిటీ పని?

అమెరికాలో డాక్టరు రోగిని చూసి తన చేత్తో అంతా రాసుకోడు. నోటితో చెబుతాడు, అది రికార్డవుతుంది. రోగి చెప్పిన బాధ ఏమిటి, పరీక్షలో తేలింది ఏమిటి, ఆపరేషన్ ఎలా చేశారు, ఇంటికి పంపేటప్పుడు ఏ మందులు రాశారు, అన్నీ గొంతు రూపంలోనే. ఆ గొంతు విని, తప్పుల్లేని ఇంగ్లిషులో, ఆసుపత్రి కోరిన పద్ధతిలో కాగితం తయారు చేసేవారే ట్రాన్‌స్క్రిప్షనిస్టు. 1990లలో ఈ పని సముద్రం దాటి మన దేశానికి వచ్చింది. బెంగళూరు, హైదరాబాదు, చెన్నై, కోయంబత్తూరుల్లో ఆఫీసులు వెలిశాయి. కారణం చిన్నదే. అక్కడ రాత్రయితే ఇక్కడ పగలు. న్యూయార్కు గడియారానికీ మన గడియారానికీ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. సాయంత్రం డాక్టరు చెప్పి ఇంటికి పోతే, పొద్దున వచ్చేసరికి కాగితం బల్ల మీద ఉంటుంది. పైగా అక్కడి జీతంలో కొసరుకు ఇక్కడ మనిషి దొరుకుతాడు!

కూలి లైను లెక్కన. లైనంటే కాగితం మీద కనబడే లైను కాదు. ఖాళీలతో కలిపి 65 అక్షరాలను ఒక లైనుగా లెక్కగట్టడం ఆ రంగంలో ఆనవాయితీ. 98 శాతానికి పైగా తప్పుల్లేకుండా ఉండాలంటారు. ఒకరు టైపు చేస్తే పైన ఇంకొకరు విని సరిచూస్తారు. తప్పు దొరికితే కూలిలో కోత పెట్టే చోట్లున్నాయి. మామిడి రైతుకు ఈ లెక్క కొత్తగా చెప్పాలా? కాయ బాగున్నా తరుగు తీస్తారు, మచ్చ ఉంటే ఇంకా తీస్తారు. ఇక్కడ మచ్చ అక్షరానికి పడుతుంది, అంతే తేడా.

ఒక్క సున్నా ఖరీదు

ఇది గుమాస్తా పని అనుకునేవారు ఒక సంగతి వినాలి. 2008లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో షుగరు జబ్బున్న ఒక మహిళను ఆసుపత్రి నుంచి మరో సంరక్షణ కేంద్రానికి పంపారు. డాక్టరు చెప్పిన ఇన్సులిన్ 8 యూనిట్లు. కాగితంలో పడింది 80 యూనిట్లు. ఆ కాగితం చూసి ఇచ్చిన మందుతో ఆమె ప్రాణం పోయింది. ఆ టైపింగు కాంట్రాక్టు చేతులు మారి మన దేశానికి వచ్చిన పనే. 2012 డిసెంబరులో అక్కడి జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం కట్టాలని తీర్పు చెప్పింది. ఒక్క సున్నా! అవతల చచ్చిపోయింది ఎవరో తల్లి. ఇవతల టైపు చేసింది ఎవరో తల్లి కన్న బిడ్డే. ఆ బిడ్డకు ఎంత నేర్పారు, లైనుకు ఎంత ఇచ్చారు, ఎన్ని గంటలు కూర్చోబెట్టారు అని మాత్రం ఎవరూ అడగలేదు.

అందుకే ఈ వృత్తిలో మొట్టమొదటి నీతి ఒకటుంది. వినబడకపోతే ఊహించకు, ఖాళీ వదిలెయ్. ఖాళీ వదిలితే పైవాడు విని నింపుతాడు. ఊహించి రాస్తే ఎవరికీ అనుమానం రాదు, నేరుగా రోగి ఒంట్లోకి పోతుంది. తెలియనిది తెలియదని చెప్పగలిగే ధైర్యం ఉన్నవారికే ఈ పని నప్పుతుంది. ‘అన్నీ వచ్చు’ అనేవారు దీనికి పనికిరారు.

గొలుసులో ఆఖరి లంకె

ఇంకో సంగతి 2003 అక్టోబరులో జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రికి కరాచీ నుంచి ఒక ఈమెయిలు వచ్చింది. నాకు రావాల్సిన కూలి ఇప్పించండి, లేదంటే మీ రోగుల రికార్డులు ఇంటర్నెట్టులో పెడతాను అని అందులో రాసి ఉంది. రాసింది ఇంటి దగ్గర కూర్చుని పనిచేసే ఒక పాకిస్తానీ మహిళ. ఆసుపత్రి వారు బిత్తరపోయారు. తమ పని పాకిస్తాన్‌కు వెళుతోందని వాళ్లకే తెలియదు! ఆరా తీస్తే ఆసుపత్రి పని స్థానిక కంపెనీకి, అక్కడి నుంచి ఫ్లోరిడాలో ఒకరికి, అక్కడి నుంచి టెక్సాస్‌లో మరొకరికి, చివరికి కరాచీకి చేరిందని తేలింది. మెట్టు మెట్టుకూ ఒకడు తన వాటా కోసుకున్నాడు. అందరికంటే ఎక్కువ కష్టపడిన చేతికి అందరికంటే తక్కువ, అదీ అందకుండా పోయింది.

రోగి రహస్యం బజారున పెడతాననడం ఘోరమే. మేము సమర్థించం. కానీ ఆ గొలుసును చూడండి. తోటలో కాయ కోసిన రైతు చేతికి వచ్చేదానికీ, ఢిల్లీలో పండు కొన్నవాడు ఇచ్చేదానికీ మధ్య ఎంతమంది ఉంటారో రెడ్డిగూడెం రైతుకు తెలుసు. పూత మీదే తోట గుత్తకు తీసుకునేవాడు, కమీషను ఏజెంటు, లారీవాడు, పెద్ద బజారు వ్యాపారి. ఇంటి నుంచి చేసే ఈ పనిలోనూ అదే గొలుసు. కాబట్టి మన ఆడపిల్ల పనిలో దిగేముందు మొదట అడగాల్సింది లైనుకు ఎంత అని కాదు. ఈ పని ఎవరిది? నాకూ ఆ ఆసుపత్రికీ మధ్య ఎంతమంది ఉన్నారు? నా కూలికి ఎవరు జవాబుదారు?

పని ఇచ్చేవాడు పైకం అడుగుతాడా?

ఇక మోసాల దగ్గరికి వద్దాం. తీరు ఎప్పుడూ ఒకటే. మొదట రిజిస్ట్రేషను ఫీజు. తర్వాత శిక్షణ ఫీజు, సాఫ్ట్‌వేర్ ఫీజు, పని గ్యారంటీ డిపాజిట్టు. కట్టాక పని పంపుతారు. అందులో ఎవరూ దాటలేని షరతు ఉంటుంది. ఇన్ని వందల పేజీలు, ఇన్ని రోజుల్లో, ఇంత శాతం తప్పుల్లేకుండా. గడువు దాటగానే మీరు ఫెయిలయ్యారు అంటారు. ఊరుకుంటారా? ఒప్పందం ఉల్లంఘించారు, నష్టపరిహారం కట్టండి, లేదంటే కోర్టు కేసు అని వకీలు పేరుతో నోటీసు వస్తుంది. అది చూసి ఇంట్లో ఆడపిల్ల వణికిపోతుంది. అమ్మానాన్నలకు చెప్పుకోలేక చెవిదిద్దులు తాకట్టు పెట్టి మళ్లీ కడుతుంది. దొంగ నోటీసుకు భయపడి కట్టే ఆ రెండో పైకమే మోసగాడి అసలు లాభం!

తల్లిదండ్రులారా, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తోటలో కాయ కోయడానికి వెళ్లే కూలీ తోట యజమానికి డిపాజిట్టు కడుతుందా? కట్టదు. మరి కంప్యూటర్ ముందు చేసే కూలికి ఎందుకు కట్టాలి? చదువు చెప్పినవాడికి ఫీజు ఇవ్వడం వేరు. పని ఇస్తానన్నవాడికి పైకం ఇవ్వడం వేరు. ఆ రెండూ కలిపి ఒకే రసీదు మీద రాసేవాడిని గడప ఎక్కనివ్వద్దు. ఇప్పటికే మోసపోయినవారు సిగ్గుపడాల్సింది లేదు. సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు. 1930 నంబరుకు ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల మీద ఫిర్యాదు తీసుకునే జాతీయ నంబరు. ఎంత త్వరగా చేస్తే పోయిన సొమ్మును బ్యాంకులో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. నోటీసు వస్తే మండల న్యాయ సేవల కమిటీ వారికి చూపించండి. ఆడవాళ్లకు న్యాయ సహాయం ఉచితంగా దొరకాలని 1987 నాటి న్యాయ సేవల చట్టమే చెబుతోంది.

యంత్రం చెవి విప్పింది

పైకం సంగతి అలా ఉంచి, అసలు పనే మిగిలిందా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. దీని గురించి ఆశల వ్యాపారులు పల్లెత్తు మాట మాట్లాడరు. కాబట్టి మేము చెబుతాం.

మొదటి దెబ్బ 2009లో పడింది. ఆసుపత్రులు కంప్యూటర్ రికార్డులకు మారితే ప్రోత్సాహకం ఇస్తామని అమెరికా ప్రభుత్వం చట్టం తెచ్చింది. దానితో డాక్టర్లు తెరమీద గళ్లు నింపడం మొదలుపెట్టారు, చెప్పి రాయించుకునే పని తగ్గింది. రెండో దెబ్బ మాట గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్. ముందు యంత్రం ఒక చిత్తుప్రతి తయారు చేస్తుంది, మనిషి దాన్ని దిద్దుతాడు. దిద్దుబాటుకు టైపింగు కంటే లైను రేటు బాగా తక్కువ. మూడో దెబ్బ ఇప్పుడు కళ్లముందే పడుతోంది. డాక్టరూ రోగీ మాట్లాడుకుంటుంటే పక్కనుండి విని, కాగితం దానంతటదే రాసేసే కృత్రిమ మేధ వచ్చింది. ఈ రంగంలో పేరున్న న్యూయాన్స్ కంపెనీని మైక్రోసాఫ్ట్ 2022లో సొంతం చేసుకుంది. ఎం-మోడల్ కంపెనీ సాఫ్ట్‌వేర్ భాగాన్ని 3ఎం 2019లో కొనుక్కుంది. మనుషులతో నడిచే భాగం ఆక్విటీ పేరుతో వేరుపడింది, దాన్ని 2023లో ముంబైకి చెందిన ఐకేఎస్ హెల్త్ తీసుకుంది. పెద్ద పెట్టుబడి ఎటు పోతోందో ఇందులోనే కనబడుతోంది. ట్రాన్‌స్క్రిప్షనిస్టుల ఉద్యోగాలు తగ్గుతాయని అమెరికా కార్మిక శాఖ అంచనాలే చెబుతున్నాయి.

అయితే అంతా అయిపోయినట్టేనా? కాదు. యంత్రం వింటుంది, కానీ అర్థం చేసుకోదు. 2024లో అమెరికా పరిశోధకులు విస్పర్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. దాదాపు 1 శాతం శబ్ద ముక్కల్లో అది అసలు ఎవరూ అనని వాక్యాలను కల్పించి రాసిందని తేల్చారు. మనిషి తప్పు వింటాడు. యంత్రం వినకుండానే రాస్తుంది, అదీ తడుముకోకుండా! నూటికి ఒకటే కదా అంటారా? ఆ ఒక్కటి ఇన్సులిన్ లెక్క అయితే? అందుకే యంత్రం రాసినదాన్ని విని, చదివి, ఇది వైద్యపరంగా కుదరదు అని పట్టుకోగల మనిషి ఇంకా కావాలి. టైపిస్టు రోజులు పోయాయి, తప్పు పట్టేవారి రోజులు మిగిలాయి. అవి టైపిస్టులంత ఎక్కువ ఉద్యోగాలు కావు. అందుకే వాటికి అందరికంటే గట్టిగా తయారవ్వాలి.

సిద్ధపడటమంటే ఇదీ

మొదటిది, వైద్యం భాష. బట్టీ పడితే రాదు. అది ముక్కలు చేసి నేర్చుకునే భాష. కార్డియో అంటే గుండె, హెపటో అంటే కాలేయం, నెఫ్రో అంటే మూత్రపిండం, గ్యాస్ట్రో అంటే జీర్ణకోశం. వెనకాల ఐటిస్ చేరితే వాపు, ఎక్టమీ చేరితే కోసి తీసేయడం, ఆటమీ అయితే కోయడం, ఆస్టమీ అయితే దారి తెరవడం. ఇలా కొన్ని వందల ముక్కలు పట్టుబడితే వేల మాటలు వాటంతటవే విడిపోతాయి. సంధి విడదీయడం వచ్చిన తెలుగు మీడియం పిల్లలకు ఇది కష్టం కాదని మేము నమ్ముతున్నాం. పల్లె పిల్లలకు ఇంగ్లిషు రాదని వెక్కిరించేవారికి అదే మా జవాబు.

రెండోది, చెవి. పేగు ఆఖరి భాగమూ ఇలియమే, తుంటి ఎముకా ఇలియమే. రాతలో ఒక్క అక్షరం తేడా, వినడానికి తేడా లేదు. ఏది అన్నది వాక్యం చూసి తేల్చుకోవాలి. కడుపు డాక్టరా, ఎముకల డాక్టరా? డిస్ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్ఫేసియా అంటే మాట తడబడటం. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ, గొంతు గరగరలాడితే రెండూ ఒకటే. సెలెబ్రెక్స్ నొప్పుల మందు, సెలెక్సా మనోవ్యాకులతకు ఇచ్చే మందు, సెరిబిక్స్ మూర్ఛలకు వాడే మందు. ఈ మూడూ కలగాపులగమవుతాయని అమెరికాలో మందుల భద్రత చూసేవారు ఎన్నో ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. పైగా డాక్టర్లంతా ఒకేలా మాట్లాడరు. ఒకరు నములుతూ చెబుతారు, ఒకరు నడుస్తూ చెబుతారు. ఫిలిప్పీన్స్ యాస, మెక్సికో యాస, చివరికి గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అక్కడ స్థిరపడ్డ మనవాళ్ల యాస! ఆ చివరిదాన్ని మన పిల్లలకంటే బాగా ఎవరు పట్టుకోగలరు?

మూడోది, కాగితం పద్ధతి. రోగి చెప్పిందేమిటి, డాక్టరు చూసిందేమిటి, జబ్బు ఏమని నిర్ణయించారు, చేయబోయేదేమిటి అన్న నాలుగు గళ్లలో చాలా కాగితాలు నడుస్తాయి. ఏ మాట ఏ గడిలో పడాలో తెలిస్తేనే తప్పు కనబడుతుంది. యూనిట్లు అన్న మాటను ఒక్క అక్షరంతో రాయకూడదు, అది సున్నాలా కనబడుతుంది. దశాంశం తర్వాత ఉత్త సున్నా పెట్టకూడదు, చుక్క చెరిగితే మోతాదు పదింతలవుతుంది. ఇవన్నీ ప్రాణాలు పోయాక పుట్టిన నియమాలు.

నాలుగోది, రహస్యం. 1996లో అమెరికా తెచ్చిన హిపా చట్టం రోగి వివరాలకు కాపలా. మన దేశంలోనూ 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఇంటి నుంచి పనంటే మంచం మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లు తెర తొంగిచూస్తుంటే చేసే పని కాదు. తలుపు వేసుకునే గది కావాలి. చెవికి హెడ్‌ఫోను, కాలికింద ఆడియోను ఆపి నడిపే పెడల్, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరు, నిలకడైన ఇంటర్నెట్టు కావాలి. పక్కింటావిడతో కూడా ‘ఇవాళ ఒక కేసు వచ్చింది’ అనకూడదు.

మా అంచనాలో ఇంటర్ బైపీసీ చదివిన పిల్లకు ఇది ఆరు నెలల పని, మిగతావారికి ఏడాది. దీనికి వేలకు వేలు పోయనక్కర్లేదు. ఓపెన్‌స్టాక్స్ వారి శరీర శాస్త్రం పుస్తకం ఇంటర్నెట్టులో ఉచితం. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్‌లో జబ్బులూ మందులూ తేలిక ఇంగ్లిషులో ఉచితం. రోజుకు రెండు గంటలు చదివి, ఒక గంట విని రాస్తే పునాది పడుతుంది. పునాది పడ్డాక ఒక్క ట్రాన్‌స్క్రిప్షనే దారి కాదు. యంత్రం రాసినదాన్ని దిద్దే పని ఉంది. డాక్టరు రోగిని చూస్తుండగా దూరం నుంచే రాసిపెట్టే స్క్రైబు పని ఉంది. జబ్బుకు, చికిత్సకు కోడ్ నంబర్లు వేసే మెడికల్ కోడింగు ఉంది. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి పదో తరం జబ్బుల కోడ్‌లు అమలవుతున్నాయి, వాటి మీద మన దగ్గర ఎంతోమంది బతుకుతున్నారు. అక్కడా యంత్రాలు చొరబడుతున్నాయి. కానీ వైద్యం భాష వచ్చినవారికి ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు తట్టే వీలుంటుంది. ఉత్త టైపింగు వచ్చినవారికి ఆ వీలు లేదు.

ఇంటి పని వేరు, ఇంటి నుంచి పని వేరు

అత్తమామలకూ మొగుళ్లకూ ఒక మాట. కోడలు ఇంట్లోనే ఉంది కదా అని మధ్యలో టీ పెట్టమనడం, పిల్లాడిని పట్టుకోమనడం, చుట్టాలొస్తే లేవమనడం ఉంటే ఈ కొలువు మూణ్ణాళ్ల ముచ్చటే. చెవి ఒకచోట, మనసు ఒకచోట ఉంటే 8 కాస్తా 80 అవుతుంది. తోటకు వెళ్లిన మగమనిషిని మధ్యాహ్నం గిన్నెలు తోమమని పిలుస్తామా? పిలవం. తలుపు వేసుకుని పనిచేస్తున్న ఆడమనిషి కూడా తోటకు వెళ్లినట్టే లెక్క. ఇంటి పని పంచుకోని ఇంట్లో ఇంటి నుంచి పని అంటే ఆడదానికి రెండు కాడ్లు మోయించడమే.

పాలకులు ఏం చేయాలి?

ఉద్యోగమంటే మహానగరమే అన్న లెక్క మీద ఉద్యమాల్లో నడిచినవాళ్లం మేము. రాష్ట్రం 2014లో విడిపోయింది. కంప్యూటర్ కొలువులు హైదరాబాదులో కుప్పపడే ఉన్నాయి. గీత ఎక్కడ గీసినా పల్లె పల్లెగానే మిగిలింది. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకు పోయింది, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలో పడింది. బోర్డులు మారాయి. కొలువులు మారాయా? నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. దాని వెలుగు చుట్టుపక్కల పల్లెల మీద ఎంత పడింది?

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆడవాళ్లకు ఇంటి నుంచి పని పెద్ద ఎత్తున తెస్తామని ప్రకటించారు. మంచి మాట. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ఫైబర్ నెట్ ప్రారంభించినప్పుడూ మంచి మాటలే విన్నాం. మాటలు చాలు. పనులు కావాలి.

మండల కేంద్రంలో ఒక పని గది కావాలి. రెడ్డిగూడెంలో పది కంప్యూటర్లు, పోని కరెంటు, పోని ఇంటర్నెట్టు, పిల్లలున్న తల్లులకు పక్కనే అంగన్‌వాడీ ఉండాలి. ఇంట్లో గది లేని పేదింటి పిల్ల అక్కడికి వచ్చి పని చేసుకోగలగాలి. నైపుణ్యాభివృద్ధి సంస్థ పేరుతో ఇచ్చే శిక్షణ ఉత్త సర్టిఫికెట్టు కాకూడదు. శరీర శాస్త్రం తెలిసిన నర్సింగు టీచరు చేత చెప్పించాలి. పని ఇస్తామని వచ్చే కంపెనీ పేరు, చిరునామా, ఒప్పందం మండల ఆఫీసులో నమోదు కావాలి. నమోదు లేనివాడు ప్రకటన వేస్తే కేసు పెట్టాలి. ఇంటి నుంచి చేసేవారూ కార్మికులే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే వారి కోసం 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఇంటి ఆధారిత కార్మికుల ప్రస్తావన ఉంది. పుస్తకంలో ఉన్న ఆ మాటకు రెడ్డిగూడెం ఇంట్లో విలువ ఉండాలి. లైను లెక్కన కూలి అయినా కనీస వేతనానికి తగ్గకూడదు, భవిష్యనిధి ఉండాలి.

చివరగా, అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. మన పిల్ల చెవి ఒగ్గి అలబామా రోగి కాగితం రాయాలంటున్నారు. మరి మద్దులపర్వలో ఉన్న రోగి కాగితం సంగతేమిటి? విజయవాడ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన రైతు చేతిలో పెట్టే డిశ్చార్జి కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. అందులో ఏముందో ఆయనకు తెలియదు, ఇంట్లోవాళ్లకు తెలియదు. మాత్ర పొద్దున వేయాలా రాత్రి వేయాలా అని మందుల కొట్టువాడిని అడుగుతాడు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలున్నాయి. సరే, ఇచ్చారు. చదివేదెవరు? 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి లక్షల మంది పేదలు పెద్దాసుపత్రుల మెట్లెక్కారు. అందరికీ అర్థం కాని కాగితమే దక్కింది.

ప్రభుత్వ పథకం కింద చికిత్స చేసే ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితం వెంట ఒక పేజీ తెలుగు సారాంశం ఇవ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. జబ్బు ఏమిటి, ఏం చేశారు, ఏ మందు ఎప్పుడు, ఎంత, మళ్లీ ఎప్పుడు రావాలి. యంత్రం చిత్తుప్రతి రాస్తే రాయనివ్వండి. దాన్ని దిద్దడానికి వైద్యం భాషా తెలుగు భాషా రెండూ తెలిసిన మనుషులు కావాలి. వారు సంతకం చేసేముందు డాక్టరు చూడాలి. ఆ మనుషులు రెడ్డిగూడెంలో, విస్సన్నపేటలో, తిరువూరులో, ప్రతి మండలంలో దొరుకుతారు. డాలరు విలువ పడినా, అమెరికాలో చట్టం మారినా ఈ పని పోదు. ఎందుకంటే రోగి మనవాడు, భాష మనది, కొలువు మన ఊళ్లోనే.

ఆడపిల్లలారా, నేర్చుకోండి, గట్టిగా నేర్చుకోండి. పైకం అడిగినవాడికి తలుపు వేయండి. పని ఎవరిదని అడగండి, ఒప్పందం కాగితం మీద అడగండి. ఊళ్లో పెద్దలారా, సచివాలయం మెట్ల మీద నిలబడి పని గది అడగండి, తెలుగు కాగితం అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఏలినవారు అమ్మకంటే దయగలవారు కాదు కదా!